కృష్ణమ్మ చెయ్యి

పొద్దు నెత్తి మీదికొచ్చినా నారాయణమ్మ గంపలో నాలుగు పుట్టగొడుగులైనా పడలేదు. రాత్రి ఉరిమిన ఉరుముకు కొండంతా లేచి ఉంటాయని కోడి కూయకముందే వచ్చింది. ముళ్ళు గీరుకున్న కాళ్ళు మండుతున్నాయి. చెమట కళ్ళలోకి దిగుతోంది.

అవతలి చరియలో తోడికోడలు కృష్ణమ్మ చెదపుట్ట పక్కన గొంతుక్కూర్చుని, ఒక్కొక్కటే మెల్లగా తిప్పి పీకుతోంది. ఆమె గంప అప్పటికే నిండిపోయింది. అది చూడగానే నారాయణమ్మకు కాళ్ళ మంట కడుపులోకి ఎక్కింది.

కృష్ణమ్మ మొగుడు నిరుడు బావి తవ్వుతుంటే మట్టి విరిగిపడి పోయాడు. పిల్లల్లేరు. ఎండబెట్టిన పుట్టగొడుగులే ఆమెను ఆ ఇంట్లో నిలబెట్టాయి. పుంగనూరు సంతలో అవి అమ్మితేనే ఆ ఉమ్మడి ఇంటికి ఉప్పు, మిరపకాయలు, కిరసనాయిలు వచ్చేవి. అత్త రెడ్డెమ్మ ఆమెకు పెట్టే ముద్ద ఆ లెక్క మీదే పెట్టేది.

ఇంత ఉపకారి మీద కళ్ళలో నిప్పులు పోసుకోవడమెందుకంటారా? నారాయణమ్మ ఏం వండినా ఆమె మొగుడు మునిరత్నం, "వదిన సేసినట్టు లేదే" అంటాడు. ఎనిమిదేళ్ళుగా అదే మాట! ఒక్కనాడైనా తన చెయ్యి బాగుందన్న పాపాన పోలేదు. ఏ ఆడది ఓర్చుకుంటుంది?

వానాకాలంలో తొలి గంప ఇరుగుపొరుగుకు తలా గుప్పెడు పంచడం ఆ పల్లె అలవాటు. ఆ మధ్యాహ్నం కృష్ణమ్మ బోరింగు దగ్గర గంప దించింది. ఆడవాళ్ళు బిందెలు వదిలి మూగారు.

"ఏం సెయ్యి తల్లీ నీది! నీకోసమే లేస్తాయేమో అవి" అంది ఒకామె.

నారాయణమ్మ తన వట్టి గంపను కాలితో పక్కకు తోసింది. నోటికొచ్చింది అనేసింది.

"మొగుడు పోయిన సెయ్యి తొలి పుట్టగొడుగును తాకితే ఊరికి అరిష్టమంట. మా అమ్మ సెప్పేది. తినేవాళ్ళు తినండి మరి."

వాళ్ళమ్మ అలాంటి మాట ఎన్నడూ అనలేదు. అంతసేపూ చాచిన చేతులు వెనక్కి పోయాయి. ఒకామె కొంగులో పోసుకున్నవి కూడా గంపలో పారేసింది. కృష్ణమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఇంటికి నడిచింది.

వారం తిరక్కముందే అది పెద్దల నాటి ఆచారమైపోయింది. "మా యత్త గూడా అదే సెప్పేది" అంది రెడ్డెమ్మ. మనవాళ్ళకు ఆచారమైతే చాలు, పుట్టింది నిన్న అయినా సరే! కృష్ణమ్మను కొండకు పోనివ్వలేదు. ఆమె గంప నారాయణమ్మ చేతికొచ్చింది.

ఈసారి పుట్టగొడుగులు బాగానే దొరికాయి. కృష్ణమ్మ అయితే మట్టిని పొడిగుడ్డతో తుడిచి, చేత్తో నిలువునా చీల్చి, బండ మీద ఎండబెట్టి, తరువాత దారానికి గుచ్చి పొయ్యి పైన పొగకు వేలాడదీసేది. నారాయణమ్మ శుభ్రంగా ఉండాలని నీళ్ళలో కడిగి, తడి ఆరకుండానే గుచ్చింది. మూడోనాటికి జిగురు కారి, పురుగు పట్టి, ఇల్లంతా కంపు కొట్టింది. వాటిని పెంటలో పారబోస్తున్నప్పుడు కూడా, అడిగితే కృష్ణమ్మ చెబుతుందని తెలిసీ ఆమె అడగలేదు.

ఆ సాయంత్రం ముసలి మునిలక్ష్మమ్మ వాళ్ళ వాకిట్లోకి వచ్చి కూలబడింది. ఆమెకూ మొగుడు లేడు. కొండే ఆమెకు గంజి పోసేది.

"నన్నూ కొండెక్కనీలేదమ్మా ఈళ్ళు. అరిష్టమంట. ముప్పై ఏండ్లుగా పోతాండాను, ఏమైపోయింది ఈ ఊరు? యాడ పుట్టింది తల్లీ ఈ ఆచారం?"

నారాయణమ్మ తల వంచుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు.

ఆ పూటే రెడ్డెమ్మ కృష్ణమ్మ సంగతి తేల్చేసింది. "పనీ పాటా లేని మనిషిని కూసోబెట్టి మేపల్లంటే నా వల్ల గాదు. కుప్పంలో వాళ్ళన్న రాళ్ళు కొట్టుకోని బతుకుతాండాడు. రేపు బస్సుకు పంపిస్తానని కబురంపినాను."

మర్నాడు పొద్దున్నే కృష్ణమ్మ మూట కడుతోంది. కొండ గాలికి పెరిగిన ఆ చేతుల్లో సుత్తె ఊహించుకునేసరికి నారాయణమ్మ గంప తెచ్చి ముందు పెట్టింది.

"పోవాకు అక్కా. ఆ మాట నేను కల్పించిందేనని అత్తకు సెప్తాను. ఇదో, నీ గంప నువ్వు తీసుకో."

కృష్ణమ్మ గంప వైపు చూడలేదు. "నాకొద్దు."

"యాలక్కా?"

"ఇంట్లో గొణిగితే ఊర్లో మైల పోతాదా? యాడన్నావో ఆడనే సెప్పల్ల, అందురి ముందరా. అది ఎవురి ఆచారమూ గాదని. యాల కల్పించినావో అదీ సెప్పల్ల. నా ఒక్కదాని కోసరం గాదు, ఆ ముసిల్ది గూడా ఉండాది. అంతదాకా నేను ఆ గంప ముట్టను."

నారాయణమ్మ బోరింగు దగ్గరికి నడిచింది. అరడజను మంది ఆడవాళ్ళు. బిందె ఎత్తబోతూ రెడ్డెమ్మ.

"ఆ మాట మా యమ్మది గాదు" అంది నారాయణమ్మ. "పెద్దోళ్ళదీ గాదు. నేనే కల్పించినాను."

బోరింగు కొట్టే చప్పుడు ఆగిపోయింది.

"మా యత్త సెప్పిన మాటమ్మే అది!" అంది రెడ్డెమ్మ. కళ్ళు చికిలించి చూసింది. "నువ్వు యాల కల్పిస్తావు?"

ఒక్క మాట మిగిలింది. అక్క చెయ్యి నా చేతికన్నా మంచిదని. ఎనిమిదేళ్ళుగా మొగుడి నోట విని విని కాలిపోయిన ఆ మాటను, తన నోటితో, ఇంతమంది ముందు. ఇప్పుడు కూడా కడుపు మండుతూనే ఉంది.

మలుపులో కుప్పం బస్సు హారన్ కొట్టింది. కృష్ణమ్మ మూట చంకనేసుకుని గుమ్మం దిగి, ఇటే చూస్తూ నిలబడింది.

"యాలంటే..." అంది నారాయణమ్మ.