మేనమామ ఎంచిన జట్టు

మన దేశపు మహిళల రగ్బీ జట్టు వరసగా ఓడడానికి కారణం నా బామ్మర్ది ప్రహ్లాద్. ఆడేవాళ్లను ఎంచేది వాడే. సొంత మేనకోడలిని పెట్టుకున్నాడని లోకం అంటుందని భయపడి, పరుగులో అందరికంటే ముందుండే నా బిడ్డ లావణ్యను బెంచీ మీద కూర్చోబెట్టాడు. బరువైన పిల్లలను ఎంచి, బంతి కోసం అంతకంటే బరువైన పరదేశీ జట్లను ఎదురుగా నెట్టమన్నాడు. మనవాళ్లే వెనక్కి పోయారు.

ఆ ఏటి పోటీల్లో ఆఖరి మ్యాచ్ ముందు సైదాబాద్‌లో మా ఇంటికి వచ్చాడు.

"బావా, ఈసారి లావణ్యను దింపుత."

"మీ అక్క బతికుంటే నిన్ను గడప తొక్కనిస్తుండెనా?" అన్నాను.

లావణ్య పాల క్యాను దించి అడ్డం వచ్చింది. "మామా, నేను దిగితే నెట్టుడు బంద్. బంతి మైదానం అంచుకు తిప్పి ఉరుకుతం. సరేనా?"

"నువ్వెట్లంటే గట్లనే, బిడ్డా."

అట్లాగే ఆడారు. గెలిచారు. అంచున ఉరికింది నా బిడ్డే.

వాడు ఫోన్ చేశాడు. "ఇగనన్న కోపం ఇడువు, బావా."

"అది బెంచీ మీద కూర్చున్న మ్యాచ్‌లు వాపస్ తెస్తవా?" అని పెట్టేశాను.

వాడిని క్షమించలేదు. ఈ సంగతి మళ్లీ నా నోట రాదు.