గది చప్పుడు

మూడో ముడి దగ్గర లోవరాజు వీడియో ఆపాడు. పెళ్లికొడుకు చెయ్యి వణికిన చోట కోసేసి, అక్షింతలు పడుతున్న ముక్కొకటి అతికించాడు. వేళ్లు వాటంతటవే పనిచేసుకుపోతున్నాయి. కార్ఖానా పేటలో మేడమీది రేకుల గది పొద్దెక్కితే పెనంలా కాలుతుంది. చెమట కళ్లజోడు మీదికి కారితే లుంగీ అంచుతో తుడుచుకున్నాడు.

తునినుంచి సినిమాలు తీద్దామని ఈ నగరానికి వచ్చినవాడు. జుట్టు సగం నెరిసేసరికి ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లు కోసి అతికించేవాడయ్యాడు. రోడ్డుమీద వాళ్లలో ఎవరో ఎదురైతే లోవరాజు ముఖం వెలిగిపోతుంది. ఆ మనిషి అప్పగింతల్లో ఏడ్చిన తీరూ, భోజనాల దగ్గర నవ్విన తీరూ అతనికి కంఠతా వచ్చు. పలకరించబోతే అవతలివాళ్లు ఎవరో అనుకుని తప్పుకుంటారు. ఇది రోజూ ఉండేదే. అయినా రోజూ ముఖం వెలుగుతుంది.

సొంతానికి తీసుకున్న సినిమా ఒక్కటే. తిరుమలగిరిలో సైనికుల చొక్కాలకి చేత్తో కాజాలు కుట్టే బుచ్చమ్మ అనే ముసలామె గురించి. ఆమె గదిలో కెమెరా పెట్టుకుని ఏళ్లు గడిపాడు. బేగంపేటలో చిన్న హాలు నడిపే విజయేందర్, ఈ సాయంత్రంలోగా పంపితే ఆదివారం వేస్తానన్నాడు. అంతమాట ఇంతకుముందెవరూ అనలేదు.

ఒక్కటే తక్కువ. ఎవరూ మాట్లాడకుండా, గది ఊరికే ఉన్నప్పటి చప్పుడు కాసేపు పట్టుకోవాలి. మాటకీ మాటకీ మధ్య అది పరవకపోతే కోసిన చోటల్లా గొయ్యిలా వినబడుతుంది. పెళ్లిళ్లకి దానితో పనిలేదు, మీద పాటలు వేసేస్తారు. ఆ అలవాటే కొంప ముంచింది. బుచ్చమ్మ గదిలో అది పట్టనే లేదు. నిన్న వెళ్లి అడిగితే ఆమె పడీపడీ నవ్వింది.

"సప్పుడు లేకుంట కూసునుడు గూడ సిన్మానేనా బిడ్డా? అది నా కాడ మస్తుగున్నది, మూటగట్టుక పో."

కట్టుకోనిస్తేనా. చప్పుడు పట్టే మిషను ఆన్ చేసిన ప్రతిసారీ ఏదో ఒకటి గుర్తొచ్చేది. కూతురి కాన్పు కష్టం, ఉడకని కందిపప్పు, గోడకవతల కల్పలత మొగుడి గురక. వినేవాళ్లు దొరికితే ఆమెకి ఆగడం చేతకాదు. చివరికి, రేపు పగటిపూట రమ్మంది, నోరు మెదిపితే ఒట్టు అంది.

ఇవాళ అతను వెళ్లేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. బుచ్చమ్మ గోడకి చేరబడి, ఒళ్లో ఖాకీ చొక్కాతో, గడ్డం వాల్చి ఉంది. కునుకు పట్టింది, బతికించింది అనుకున్నాడు. చంటిపిల్ల నిద్రపోతున్న గదిలోకి తల్లి వెళ్లినట్టు మునివేళ్లమీద వెళ్లి, మిషను నేలమీద పెట్టి, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాడు. ఫ్యాను. సందులో ఆటో. దూరంగా మిలిటరీవాళ్ల ఈల. ఎంత మంచి చప్పుడు! చాలనిపించాక కూడా ఆపబుద్ధి కాలేదు.

అప్పుడు ఊపిరి వినబడింది. తను బిగబట్టి చూశాడు. అదీ ఆగింది. వదిలాడు. మళ్లీ వచ్చింది.

గదిలో ఒక్కరి ఊపిరే ఉంది.

"అమ్మా," అన్నాడు. "అయిపోయిందండీ. ఇంక మాట్లాడండి."

పక్కింటి కల్పలత పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టి చూసింది. పొద్దున బాగానే ఉందట. ఇయ్యాల నన్నెవరూ పలకరించకుండ్రి, సిన్మా పనున్నది అని వాడకంతా చెప్పుకుందట.

"పానం పొయ్యేటప్పుడు సుత ఒక్క సప్పుడు జెయ్యలేదన్నా," అంది కల్పలత.

లోవరాజు కల్పలత ముఖం వైపు చూడలేకపోయాడు.

పొద్దు వాలుతుండగా విజయేందర్ ఫోను చేసి సినిమా ఏదన్నాడు. చప్పుడు దొరకలేదండీ, ఈ ఆదివారానికి వద్దు అన్నాడు లోవరాజు. అవతలివాడు ఇంకేదో అంటుంటే పెట్టేశాడు.

ఆమెని వాకిట్లోకి తెచ్చి పడుకోబెట్టారు. చాప తెమ్మంటే అతను ఖాళీ గదిలోకి వెళ్లాడు. బుచ్చమ్మకి టీ అలవాటు లేదు. స్టవ్ పక్కన, చీమలు పట్టకుండా నీళ్లు పోసిన పళ్లెంలో, గాజుగ్లాసు నిండా టీ, మీద మూత పెట్టి ఉంది.