నెయ్యి వేయని పరీక్ష

వైకుంఠం నెయ్యి రెండు జవాబులు చెప్పింది. శనివారం పొద్దున కళావతి ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూసింది.

లాల్‌దర్వాజాలో వైకుంఠం నెయ్యి అంగడి తాతల నాటిది. నెయ్యి చెడిపోకుండా ఉండేందుకు అతను బీహెచ్‌టీ అనే మందు కలుపుతున్నాడని ఎవరో ఫిర్యాదు చేశారు. నెయ్యిలో అది కలపకూడదు. ఇన్‌స్పెక్టర్ వచ్చి నమూనా తీసుకొని, అంగడికి తాళం వేసి పోయాడు. ఇక భారమంతా పరీక్షశాల మీద, అంటే ఐదు నెలల కిందట ఉద్యోగంలో చేరిన కళావతి మీద పడింది.

ఎనభై ఆరులో ఆ పరీక్షశాలకు కొత్తగా వచ్చిన లిక్విడ్ క్రొమటోగ్రఫీ యంత్రం ఆమె ఒక్కదాని మాటే వినేది. నెయ్యిని సాల్వెంటులో కరిగించి సూదితో ఎక్కిస్తే, సన్నటి ఉక్కు గొట్టంలో కలిసినవన్నీ దేనికది విడిపోయి, ఒకదాని వెనక ఒకటి బయటికి వచ్చేవి. వచ్చినప్పుడల్లా పెన్ను కాగితం మీద కొండలాంటి గీత గీసేది. బీహెచ్‌టీ కొండ తొమ్మిదో నిమిషంలో లేస్తుంది. ఎంత ఎత్తు లేస్తే అంత మందు ఉన్నట్టు.

శుక్రవారం ఐదు గ్రాముల నెయ్యితో చేస్తే కొండ లేచింది. సరిచూద్దామని మళ్ళీ చేయబోతే నమూనాలో రెండున్నర గ్రాములే మిగిలాయి. వాటినే, అంతే సాల్వెంటులో కరిగించి నడిపింది. నెయ్యి సగమైతే కొండ కూడా సగం కావాలి, లేకపోతే గ్రాముకు మందు రెండింతలని జవాబు మారిపోతుంది. కాలేదు. అంతే ఎత్తు.

"ఇశ్రాయేలన్నా, ఈ మందు నెయ్యిలది కాదు."

గాజుసామాను కడుగుతున్న అటెండరు ఇశ్రాయేలు తలెత్తాడు. "మరి యాడికెళ్లి వచ్చిందమ్మా? ఆకాశంలకెళ్లి ఊడిపడ్డదా?"

"మన దగ్గరికెళ్లే వచ్చింది."

నెయ్యి వేయకుండా వట్టి సాల్వెంటుతో నడిపే పరీక్షను బ్లాంక్ అంటారు. అది రోజూ చేయాలి. కానీ ఆ సాల్వెంటు విదేశం నుంచి రావాలంటే నెలలు పడుతుంది. అందుకని పొదుపు కోసం సోమవారం ఒక్కరోజే చేసే అలవాటు పడింది అక్కడ. సోమవారం నాటి సీసా బుధవారం అయిపోయింది. కొత్త సీసా తెరిచింది కళావతే. బ్లాంక్ చేయకుండా పని నడిపిందీ ఆమే.

ఇప్పుడు చేసింది. తొమ్మిదో నిమిషం రాగానే పెన్ను తాపీగా కొండెక్కింది. అంతే ఎత్తు.

ఇశ్రాయేలు కొత్త సీసాను వెలుతురుకు పట్టాడు. "కింద చీమల తీరు అక్షరాలున్నయి. చదువు తల్లీ, నా కండ్లకు ఆనుతలేవు."

చదివింది. సాల్వెంటు పాడవకుండా కంపెనీవాళ్ళే ఈసారి అందులో బీహెచ్‌టీ కలిపారట.

"ఓరి దీని! దొంగ మన అలమారల్నే ఉన్నడు గదా!" అన్నాడు ఇశ్రాయేలు.

కళావతి మూడు కాగితాలూ తీసుకొని ఆఫీసరు బాబురావు గదిలోకి వెళ్ళింది.

"ఫారిన్ మిషన్ అబద్ధమాడతదా ఏంది?" అన్నాడాయన.

"మిషన్ ఉన్నదే చెప్పింది సార్. నేనే సక్కగ అడగలే."

బాబురావు కాగితాలను కిటికీ అద్దానికి ఆనించి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. కొండలు ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి. నెయ్యిలో మందు లేదని ఆయనకూ తెలిసిపోయింది.

"సరే. వైకుంఠం రిపోర్టు ఇంక పంపలే గదా, మార్చి రాయి."

"ధూల్‌పేట్ అంజన్న నెయ్యిది గూడ సార్. గురువారం గీ సీసాతోనే చేసిన. మందున్నదని రిపోర్టు పోయింది."

"పోయింది పోయింది. దాన్ని కెలకకు, లొల్లి అయితది. వచ్చే నెల నీ నౌకరి పర్మనెంటు కాయితం మీద నేను రాయాలె. ఏమని రాయమంటవ్?"

"తప్పు చేసిందని రాయుండ్రి సార్. తనే పట్టుకున్నదని గూడ రాయుండ్రి."

వెనకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ ఇశ్రాయేలుకు నవ్వాగక దగ్గు వచ్చింది. బాబురావు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కళ్ళజోడు తుడుచుకున్నాడు. "టైప్ చేసుకరా, సంతకం పెడత," అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్‌కు ఒక కాపీ పంపి, రెండో కాపీతో కళావతే ధూల్‌పేట్ వెళ్ళింది. అంజన్న తన నెయ్యి దుకాణం ముందు, తాళం కిందనే, అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"నా నెయ్యిల మందున్నదని రాసిన పెద్దమనిషి ఎవలో, ఒక్కపారి మొఖం సూడాలె," అన్నాడు ఆమె ఎక్కడి నుంచి వచ్చిందో వినగానే.

"నేనే అంజన్నా."

అతను ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు. "నిన్నటిసంది గల్లీల తలెత్తుతలేను. 'మందు నెయ్యి' అని పిలుస్తున్నరు నన్ను."

"తప్పు నాది. నీ నెయ్యిల ఏం లేదు. గిదిగో, రాసి తెచ్చిన."

అంజన్న కాగితం ముట్టలేదు. "ఇంగ్లీషు కాయితం నేనేం జేసుకోను? చదువు. మన మాటల, గల్లీకంత ఇనవడేటట్టు చదువు."

గల్లీలో వినాయక విగ్రహాలకు మట్టి మెత్తుతున్నవాళ్ళు చేతులాపి చూశారు. కళావతి అరుగెక్కి చదివింది. పరీక్ష ఎవరు చేశారో, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాల్సిన చోట కూడా గొంతు తగ్గించలేదు.

మూలమీది ఇంట్లోంచి ఒక ముసలామె కేకేసింది. "ఇటు దిక్కు ఇనవడలే బిడ్డా!"

కళావతి అటు తిరిగి, మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.