చీటీ మీద ఎడమ

నేను ఒక మడమ ఎముకను. రక్తం, మూలుగ లేని తెల్లటి ప్లాస్టిక్ ఎముకను. గుంటూరులోని ఒక ఆసుపత్రిలో త్రీడీ ప్రింటర్ అనే యంత్రం ప్లాస్టిక్ తీగను కరిగించి, పొర మీద పొర పేర్చి, పదకొండు గంటల్లో నన్ను కన్నది.

నేను పుట్టింది ఏసోబు కోసం. అతను చెప్పులు కుట్టి, సంతలు తిరిగి అమ్ముతాడు. నిచ్చెన మీంచి పడి ఎడమ మడమ నుజ్జు చేసుకున్నాడు. నుజ్జయినదానికి ఆకారం మిగల్లేదు కనుక, బాగున్న కుడి మడమ స్కానింగును అద్దంలో బొమ్మలా తిప్పి, ఎడమది ఒకప్పుడు ఎలా ఉండేదో అచ్చు తీయాలి. విరిగిన ముక్కలను పట్టి ఉంచే స్టీలు ప్లేటును దాని మీద ముందే వంచి పెట్టుకుంటే, కాలు కోశాక తడుముకునే పని ఉండదు. టెక్నీషియన్ సుదర్శన్ అన్నీ చేశాడు, తిప్పడం ఒక్కటే మరిచాడు. నా మీద ‘ఎడమ’ అని చీటీ అంటించాడు. మనుషులు వస్తువు కంటే ముందు దాని చీటీని చూస్తారు. వాళ్ళననడం దేనికి, నేనూ ఎడమనేనని నమ్మాను.

ఆపరేషన్‌కు ముందురోజు ఉదయం డాక్టర్ హైమవతి నన్ను ఏసోబు చేతిలో పెట్టింది.

“ఇదుగో, మీ మడమ. మధ్యాహ్నం దీని మీదే ప్లేటు వంచుతాం.”

అతను నన్ను చూడలేదు, బొటనవేలితో తడిమాడు. అంత శ్రద్ధగా నన్నెవరూ తాకలేదు. నాకే తెలియని నా గుట్టు ఏదో బయటపడబోతున్నట్టు భయమేసింది.

“డాక్టరమ్మా, ఇది కుడిది.”

“మీకెలా తెలుసు?”

“మడమకు లోపలి పక్క గుంట ఉంటదమ్మా. దీన్ని ఎడమ కాలి పక్కన పెడితే గుంట బయటికి తిరుగుతుంది చూడండి. ముప్పయ్యేళ్ళుగా అచ్చుల మీద చెప్పులు కుడతన్నా, కుడెడమలు తెలవవా?”

“ఊరుకో!” అంది భార్య సువార్తమ్మ. “నిచ్చెన మీద కాలు పెట్టటం చేతగాలేదు గానీ, డాక్టరమ్మకు పాఠాలు చెబుతున్నావా?”

నవ్వబోయిన హైమవతి ఆగిపోయింది. చీటీ పీకేసి, నన్ను కంప్యూటర్ తెర పక్కన పెట్టి చూసింది. వెంటనే టెక్నీషియన్‌ను పిలిచింది.

“సుదర్శన్, మళ్ళీ తియ్యి. ఆపరేషన్ ఎల్లుండి.”

మరునాటికి నాకొక తమ్ముడు పుట్టాడు, అసలైన ఎడమవాడు. వాడి మీద వంచిన ప్లేటు ఏసోబు కాలిలో ఇట్టే కుదురుకుంది. నన్ను చెత్తబుట్టలో వేయబోతుంటే ఏసోబు అడిగి తెచ్చుకున్నాడు.

ఇప్పుడు అతని కొట్లో చెక్క అచ్చుల వరసలో, కుడివాటి సరసన ఉంటున్నాను. పనికిరాకుండా పోయినందుకు ఇంత తేలికపడ్డది నేనొక్కదాన్నేనేమో.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఏసోబు తనకోసం ఒక జత కుట్టుకున్నాడు. ఏడాదిగా వాటితోనే సంతలు తిరుగుతున్నాడు. నిన్న వాటిని తిరగేసి, మడమల దగ్గర వేలితో తడిమాడు, ఆనాడు నన్ను తడిమినట్టే.

“ఏందట్టా చూత్తన్నావు?” అంది సువార్తమ్మ.

“రెండూ ఒకేలాగా అరిగినయ్యే.”