ఎడమ నుంచి మూడోవాడు

ఖరగ్‌పూర్ స్టేషన్ చరిత్రంతా ఫోటోలుగా వెయిటింగ్ హాల్లో పెడుతున్నారని తెలిసిన రోజు నుంచీ తవిటయ్య కాలు నేల మీద నిలవలేదు. నిలుస్తుందా మరి? ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడుగని పేరుపడ్డ ప్లాట్‌ఫారం అది. దాని పనిలో ఉన్న కూలీల ఫోటోలో ఎడమ నుంచి మూడోవాడు అతని తాత సింహాద్రి. తాత పోయేనాటికి తండ్రి చంటిబిడ్డ. ఆ తండ్రే పెద్దయ్యాక, మీ నాన్న ఇతనేనని ఎవరో ఫోటోలో చూపిస్తే, ఆ మొహం వరకూ పెద్దది చేయించి పటం కట్టించాడు. దండలూ, తద్దినాలూ, గారెలూ అన్నీ ఆ పటానికే.

చిక్కల్లా సూసన్నతో వచ్చింది. ఆమె రైల్వే ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆ మూడోవాడు తన తాత యోహాననీ, నాయనమ్మ వేలు పెట్టి మరీ చూపించేదనీ ఆ ఫోటోలు పెట్టిస్తున్న ఆఫీసరుకు చెప్పింది. రుజువు మాత్రం లేదు. తవిటయ్యేమో తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. వర్క్‌షాపులో ఫిట్టరుగా ముప్పై ఆరేళ్లు అలాగే నెగ్గుకొచ్చాడు. తాత చొక్కాకి పెట్టుకున్న ఇత్తడి నంబరు బిళ్ల ఇంట్లో భద్రంగా ఉందన్నాడు. అది తెచ్చి చూపిస్తే ఫోటో కింద సింహాద్రి పేరే రాయిస్తానన్నాడు బెంగాలీ ఆఫీసరు.

మర్నాడు పొద్దున్నే బిళ్లను చింతపండుతో తోమి పట్టుకెళ్లాడు. దాని నంబరు రెండువందల పంతొమ్మిది. హాల్లో గోడకి నిలువెత్తు ఫోటో అప్పుడే బిగించారు. కళ్లజోడు పెట్టుకుని దగ్గరికెళ్లి చూశాడు. మూడోవాడి గుండెల మీదా బిళ్ల ఉంది. దాని మీద ఎనభై నాలుగు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. ఎనభై నాలుగే.

ఆఫీసరు ఫోన్లో ఉన్నాడు. సూసన్న ఒళ్లో ఖాళీ సంచీ పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. బిళ్ల ఇచ్చేస్తే తాత పేరు పడిపోతుంది. నంబర్లు పోల్చి చూసే తీరిక ఎవరికుంది గనక? ఆ ఆలోచన వచ్చినందుకు తవిటయ్యకే సిగ్గేసింది. బిళ్ల జేబులో వేసుకుని వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు.

“మీ తాతేనమ్మా. నంబరు ఎనభై నాలుగు. మా తాతది కాదు.”

“ఎనభై నాలుగా? మా తాత రేకు పెట్టె మీద అదే అంకె ఉన్నాది అన్నా. ఏటో అనుకున్నాను ఇన్నాళ్లూ.” ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

యోహాను పేరు రాయమని ఆఫీసరుతో చెప్పాడు తవిటయ్య. మరి మీ తాత ఎవరని ఆయన అడిగాడు. తవిటయ్య ఫోటోలో మిగిలిన బిళ్లలన్నీ ఒక్కొక్కటే వెతికాడు. రెండువందల పంతొమ్మిది ఎక్కడా లేదు. ఉసూరుమంటూ సూసన్న దగ్గరికొచ్చాడు.

“అరవయ్యేళ్లుగా మీ తాతకి తద్దినం పెడతన్నాం.”

సూసన్న ఏడుపులోనే నవ్వేసింది. “ఇన్నేళ్లు గారెలు తిని ఇప్పుడు మీవోడు కాకుండా పోతాడేటి? పటం తియ్యకు అన్నా.”

ఇంటికొచ్చాక సంగతంతా విని, పటం తీసేద్దామా అంది భార్య రత్నం. ఉండనీ, మా తాతా ఆ పక్కనే ఎక్కడో తట్ట మోస్తుంటాడు అన్నాడు. పటం కింద మేకు కొట్టి బిళ్ల తగిలించాడు. తాత మొహం ఎలా ఉండేదో ఊహించుకోబోయాడు. ఏ మొహమూ రాలేదు. ఎన్నడూ చూడని ఆ తాత కోసం, డెబ్బై రెండేళ్ల వయసులో మొట్టమొదటిసారి ఏడ్చాడు.