సునీత ఊడ్చే ఇల్లు

గల్ఫ్‌లో డ్యూటీ దిగి, కంపెనీ బస్సులో ఘాలాలోని రూముకు చేరగానే అందరూ ముందు సబ్బు వెతుక్కుంటే, రఘుపతి మాత్రం పరుపు తడిమి చూసుకునేవాడు. మెట్‌పల్లిలో అతని ఇంటి మీద వాన పడితే ఇక్కడ అతని పరుపు తడిసేది. ఇల్లు ఎవరిదైతే వాళ్ల మంచానికే ఆ ఇంటి సంగతులన్నీ చేరతాయి, అందులో వింతేముంది? తడి పరుపు బయట ఆరేయడానికి పక్క మంచం పెద్దులు ఓ చెయ్యి వేసేవాడు, అంతే.

వాన సరే. పొద్దునా సాయంత్రం ఆ మంచం కింద చీపురు చప్పుడు, దాని వెంటే గాజుల చప్పుడు. ఇంటికి చూస్తే తాళం వేసి ఉంది. ఊడ్చేది రఘుపతి పెళ్లాం సునీత. జ్వరం ముదిరి ఆ ఇంట్లోనే చనిపోయింది, అయినా ఊడవడం మానలేదు. పాపం, ఆ ఇల్లంటే ఆమెకు అంత పిచ్చి.

ఆమె పోయాక రఘుపతికి దేని మీదా మనసు నిలవలేదు. ఇంటి లోను కిస్తీలు ఆగిపోయాయి. బ్యాంకువాళ్లు చివరికి దిగొచ్చారు. ఎంతకు పోతే అంతకు అమ్మి కట్టు, తక్కువ పడ్డది వదిలేస్తాం, ఆలస్యం చేస్తే వేలమేనన్నారు. పెద్దులుకు ప్రాణం లేచొచ్చింది. అతని భార్య శ్రీవాణి తన అన్న ఇంటి వెనక రేకుల కొట్టంలో, వదిన చేత మాటలు పడుతూ బతుకుతోంది. ఇంత చవగ్గా ఇల్లు మళ్లీ దొరుకుతుందా?

బేరమంతా ఫోన్లోనే. ఊళ్లో ఇద్దరి తరఫునా సంతకాలు పెట్టేవాళ్లు కుదిరారు. ఒక్కటే మిగిలింది. వాళ్ల వైపు ఇల్లు అమ్మేవాడు దీపం పెట్టి, ఆ ఇంట్లో పోయినవాళ్లను పేరు పెట్టి పిలుచుకుని వెంట తీసుకుపోవాలి. ఫోన్లోనైనా సరే, పిలవమన్నాడు పెద్దులు.

“పిలిస్తె ఏడికి రమ్మనాలె అన్నా?” అన్నాడు రఘుపతి. “నాకిగ ఇల్లే లేకపాయె.”

పెద్దులుకు జాలేసింది. జాలితో పాటు తొందర కూడా, ఎందుకు దాచాలి? ఈలోగా బ్యాంకువాళ్లు మాట మారిస్తే?

“ఉండనియ్యి తమ్మీ. ఓ మూలకు ఉంటది. ఆమె ఏమన్న బువ్వ అడుగుతదా?”

రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రం చీపురు చప్పుడు పెద్దులు మంచం కిందికి మారింది. రఘుపతి వచ్చి ఆ మంచం పక్కన నేల మీద కూర్చుని విన్నాడు. “ఇగ చాలు, జరసేపు కూసో” అన్నాడు కిందికి వంగి. చీపురు ఆగింది. పెద్దులు కాళ్లు మంచం మీదికి ముడుచుకున్నాడు.

శుక్రవారం శ్రీవాణి కొత్తింట్లో పాలు పొంగించింది. “నేను లేచేసరికే వాకిలి ఊడ్చి ఉంటది” అని ఆ వారమంతా ఫోన్లో మురిసిపోయింది. ఆమె కూడా చీపురు పట్టింది. మంచం కింద రెండు చీపుర్లు పోటీపడ్డాయి. తర్వాత ఒక్కటే వినిపించింది. సునీత వెళ్లిపోయిందని పెద్దులు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. రఘుపతి ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు శ్రీవాణి వీడియో కాల్ చేసింది. అదే మొహం, అదే ముక్కుపుడక. కానీ పరాయి మగవాణ్ని చూసినట్టు పెద్దులును చూసి కొంగు సర్దుకుంది.

“అన్నా, మా ఆయన ఉన్నడా?” అంది. “రఘుపతి. ఒక్కసారి ఫోనియ్యి.”

అటు రఘుపతి ఫోన్ కోసం చెయ్యి చాపాడు. ఇటు మంచం కింద నుంచి శ్రీవాణి గొంతు, సన్నగా, దగ్గరగా వినిపించింది.

“ఇగో, నాకు ఈడ భయమైతుంది. నన్ను బయటికి పిలువు.”

పెద్దులు ఫోన్ రఘుపతికి ఇచ్చేశాడు. నేల మీద మోకరిల్లి, మంచం కిందికి చెయ్యి చాపి, “రా శ్రీవాణీ, నా దగ్గరికి రా” అని పిలిచాడు.

చల్లటి చెయ్యి ఒకటి అతని చేతిని గట్టిగా పట్టుకుంది.