అన్నీ బతికే ఉన్నాయి

నాలుగో పరిగె చేపను కూడా చేతివలతో పైకి తీసి, కృపాకర్ దాని మొప్ప విప్పి చూశాడు. ఎర్రగా ఉండవలసిన మొప్ప తెల్లగా పాలిపోయి, దాని మీద జిగురు పేరుకుంది. వేలు తగలగానే పొలుసులు ఊడివచ్చాయి. తొట్టిలో ఇంకా ఆరు చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. వాటినీ ఒక్కొక్కటిగా తీసి పాత డబ్బాలో వేశాడు.

పరవాడ దగ్గర మందుల కంపెనీ వెనుక గోడకు ఆనుకుని ఉంది ఆ సిమెంటు తొట్టి. కంపెనీలో శుద్ధి చేసిన నీళ్లు ముందు దానిలోకి వచ్చి, నిండాక పైపు గుండా బయట పారే వాగులోకి, అంటే గెడ్డలోకి, పోతాయి. తొట్టిలో చేపలు బతికి ఉంటే నీళ్లు మంచివని లెక్క. చచ్చిపోతే పైపు మూసెయ్యాలి. ఆ చేపలను చూసుకునే పని పదకొండేళ్లుగా కృపాకర్‌ది. ఈ పదకొండేళ్లలో పైపు ఒక్కరోజు కూడా మూయలేదు. తెల్లారేసరికి చచ్చినవాటిని తీసి, గెడ్డలో పట్టుకొచ్చిన కొత్తవాటిని వేసేవాడు.

అతనికి యాభై నాలుగేళ్లు. ఆ నీళ్లలో నాని నాని చేతివేళ్ల చర్మం పొరలు పొరలుగా లేచిపోయింది. భోజనం చేసేటప్పుడు మండుతుంటే భార్య ఆరోగ్యమ్మ చెంచా ఇచ్చేది. అతను మాత్రం చేత్తోనే తినేవాడు. ఆ చేతివల కూడా ఆమె కుట్టిందే. పాత దోమతెర ముక్కను ఇనుప చువ్వ చుట్టూ ఎర్రదారంతో బిగించి ఇచ్చింది.

గోడవారన గొయ్యి తీసి చేపలను పూడ్చాడు. ఒకసారి బయట పారేస్తే తిన్న పిల్లి చచ్చిపోయింది. అప్పటి నుంచి పూడుస్తున్నాడు.

చేతులు కడుక్కుని రిజిస్టరు తెరిచాడు. ఈరోజు గురువారం. గురువారం వరుస కూడా నిండే ఉంది. ఖాళీ గడి కనబడితే ఆఫీసులో తిడతారని సోమవారం నాడే వారమంతటికీ రాసేయడం అతనికి అలవాటు. క్రైస్తవ మిషనరీల బడిలో దిద్దిన గుండ్రటి అక్షరాలు. ప్రతి వరుసలో అవే మాటలు: అన్నీ బతికే ఉన్నాయి.

కాలుష్య మండలి అధికారి తనిఖీకి వచ్చే రోజు పరిగెలు పనికిరావు. ఆ రోజు కొర్రమీను కావాలి. కొర్రమీను పైకి తేలి గాలి మింగుతుంది. అందువల్ల నీళ్లు ఎంత పాడైనా ఒక పూట తట్టుకుంటుంది. సూపర్‌వైజర్ అర్జునరావు కనిపెట్టిన ఉపాయం అది. ఈరోజు పదకొండు గంటలకు అధికారిణి వస్తుంది. కృపాకర్ బకెట్టు సైకిలుకు తగిలించుకుని గెడ్డకు వెళ్లాడు.

గెడ్డలో చేపలు పట్టి బతికే తాతబాబు ఒడ్డున వల విప్పుతున్నాడు. చుట్టరికం లేకపోయినా ఇద్దరూ బావా అనే పిలుచుకుంటారు.

"ఏటి బావా, ఇయ్యాల గూడా ఒచ్చీసినావా?"

"నాలుగు కొర్రమీన్లు దొరికితే సాలు బావా. ఆఫీసరమ్మ ఒస్తన్నాది."

"మా గెడ్డని సంపీసి, మల్లీ ఇక్కడికే బతికున్న సేపల కోసం ఒస్తన్నావు. సిగ్గు నేదేటి నీకు?"

నవ్వుతూనే అన్నాడు. కానీ మోకాలిలోతు బురదలో దిగి గంటసేపు వెతికి, మూడింటిని పట్టి బకెట్టులో వేశాక అతని ముఖంలో నవ్వు లేదు.

"ఇవే ఆకరివి. రేపటి నుంచి నన్నడక్కు. నాను ఆటో తోలుకుంటాను."

తిరిగి వస్తూ కృపాకర్ ప్రార్థన మొదలుపెట్టాడు. పదకొండు దాటేదాకా వీటిని బతికించు ప్రభువా. దారిలో పైపు గెడ్డలో కలిసేచోట పసుపురంగు నురగ ఒడ్డును ఒరుసుకుంటోంది. అక్కడ సైకిలు దానంతటదే ఆగినట్టు ఆగింది. ఇవి బతికితే పైపు తెరిచే ఉంటుంది. ఇవి చస్తేనే గెడ్డ బతుకుతుంది. ఇన్నాళ్లూ తాను మోకరించి అడిగింది ఏమిటి? మళ్లీ మొదలుపెట్టబోయాడు. ఏమని అడగాలో తెలియలేదు. దేవుడి ముందు మాట దొరకకపోవడం అతనికి ఇదే మొదలు.

తొట్టిలోకి గాలి ఊదే మోటరు ఎప్పటిలా ఆడుతూనే ఉంది. వదిలిన కొర్రమీన్లు కాసేపు అడుగునే తిరిగాయి. తొమ్మిదిన్నరకు ఒకటి పైకి వచ్చి గాలి మింగింది. మళ్లీ వచ్చింది. ఆ తర్వాత కిందికి వెళ్లడమే మానేసింది. ఒళ్లు వణికి, గిర్రున తిరిగి, పక్కకు ఒరిగింది. పదింటికి రెండోది కూడా అంతే. గాలి పీల్చే చేప గాలి అందుతుండగానే చచ్చిపోవడం కృపాకర్ ఇంతవరకు చూడలేదు. మూడోది మూలన తల పైకెత్తి, నోరు తెరుస్తూ మూస్తూ ఉంది.

అర్జునరావు వచ్చి తొంగిచూశాడు.

"ఆ రెండూ తీసీయ్. ఒకటుంది కదా. మిగతావి అడుగున పడుకున్నాయని నాను సెప్తాను. సేపలక్కూడా కునుకుంటాదిలే."

కృపాకర్ చేతివల అందుకున్నాడు. నీళ్లలో ముంచాడు. కాసేపు అలాగే పట్టుకుని, పైకి తీసి మేకుకు తగిలించేశాడు.

"తియ్యను సార్."

"ఏటి?"

"ఈపాలి తియ్యను."

అర్జునరావు ఏదో అనబోయేలోగా జీపు వచ్చి ఆగింది. అధికారిణి నీలిమ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని తొట్టి దగ్గరకు వచ్చింది. చిన్న వయసు. చచ్చిన చేపలను చూసి ఆగిపోయింది.

"ఎప్పటి నుంచి ఇలా?"

"రోజూ సచ్చిపోతన్నాయమ్మా," అన్నాడు కృపాకర్. "పదకొండేళ్లుగా సేపల్ని మార్చీసేది నానే. పైపు మూయించండమ్మా. గెడ్డలో ఇంక సేపల్లేవు."

ఆమె రిజిస్టరు అడిగింది. ఒక పేజీ, ఇంకో పేజీ, పోయిన ఏడాది, ఆ ముందటి ఏడాది.

"ఈ రాత ఎవరిది?"

"నాదేనమ్మా."

"ఈరోజుది కూడా మీరే రాశారా?"

ఆమె వేలు గురువారం వరుస మీద ఉంది.

"పొద్దున్న గాలి మోటరు ఆపీసినాడు మేడమ్," అన్నాడు అర్జునరావు. "అందుకే సచ్చినాయి. వయసైపోనాది, ఏం సేత్తన్నాడో ఆడికే తెలీదు."

నీలిమ తొట్టిలోకి చూసింది. మూడో చేప ఇంకా నోరు తెరుస్తూనే ఉంది.

"మీరు చెప్పింది నిజమే కావచ్చు," అంది మెల్లగా. "కానీ మీ చేత్తో రాసిందే నా ముందుంది. నేనేం చెయ్యను?"

సంరక్షకుడి నిర్లక్ష్యం అని రాసుకుని వెళ్లిపోయింది. పైపు మూయలేదు.

మధ్యాహ్నానికి గేటు దగ్గర అతని గుర్తింపు కార్డు తీసుకుని, రేపటి నుంచి పనికి రావద్దన్నారు. కృపాకర్ ఒక్కటే అడిగాడు, ఆ మూడో చేపను ఇమ్మని.

"అట్టుకుపో. పులుసెట్టుకో," అన్నాడు అర్జునరావు.

బకెట్టుతో గెడ్డ ఒడ్డుకు వచ్చాడు. పైపుకు ఎగువన వదలాలా, దిగువన వదలాలా? ఎగువన మడుగు ఎండి బురదగా ఉంది. దిగువన నురగ. బకెట్టు పట్టుకుని అటూ ఇటూ నడిచాడు. మళ్లీ వంగి చూసేసరికి చేప నోరు తెరుచుకునే ఉంది, మూసుకోలేదు. ఒడ్డున చేతులతోనే గొయ్యి తవ్వి పూడ్చాడు. తన రాత తన మీదే సాక్ష్యం చెప్పింది. దానికి దేవుణ్ణి తప్పుపట్టలేకపోయాడు. ఆరోగ్యమ్మకు ఏం చెప్పాలో అనుకుంటూ ఇంటిదారి పట్టాడు.

తొట్టిలోకి నీళ్లు వస్తూనే ఉన్నాయి. పైన మేకుకు, ఎర్రదారం కుట్టు వేసిన దోమతెర వల, ఒక పొలుసు అంటుకుని, ఇంకా ఆరకుండా వేలాడుతోంది.